దగ్గర మిర్రర్ ఒక్కటే చూస్తే సరిపోదు
లైనక్స్‌లో ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ ఫైళ్ళు) దించుకోడానికి మనకి దగ్గర్లో ఉన్న మిర్రర్, అంటే అసలు సర్వర్‌కి నకలుగా ఉండే సర్వర్, పెట్టుకుంటే చాలు అని కొందరు రాస్తుంటారు గానీ నేను ఒప్పుకోను, స్పీడ్ వేరు తాజాగా ఉండటం వేరు. డెబియన్ అనే లైనక్స్‌లో మెయిన్ ఆర్కైవ్ (అసలు ప్యాకేజీల నిల్వ) రోజుకి 4 సార్లు అప్‌డేట్ అవుతుంది, దగ్గర మిర్రర్ దాంతో సింక్ అవ్వడం ఆగిపోయి వారం పాతదైనా డౌన్‌లోడ్ మాత్రం జెట్ స్పీడ్‌లో వస్తుంది, చాలాసార్లు ఏ ఎర్రరూ కనిపించదు, అంతా అప్‌డేట్ అయిపోయింది అనుకుంటాం. నేను పనిచేసిన ఒక ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది, లోకల్ మిర్రర్ చాలా ఫాస్ట్, తీరా చూస్తే చాలా రోజులుగా కొత్త ప్యాకేజీ ఒక్కటీ రాలేదు. అందుకే ముందు ఇది చూడండి, మిర్రర్‌లో ప్రాజెక్ట్ ఫోల్డర్ లోపల ట్రేస్ అని ఉంటుంది, అందులో ఫైల్ తెరిస్తే ఆఖరిసారి ఎప్పుడు సింక్ అయిందో డేట్ టైంతో సహా కనిపిస్తుంది, ఆర్చ్ అనే ఇంకో లైనక్స్ వాడేవాళ్ళకైతే మిర్రర్ స్టేటస్ పేజీ ఉంది. ఊరూ పేరూ తెలియని మిర్రర్ అయితే ఫైళ్ళు మార్చేస్తారేమో అని కొందరు భయపడతారు, దానికి మరీ కంగారు అక్కర్లేదు, రిలీజ్ ఫైల్ (ప్యాకేజీల జాబితాల వివరాలుండే ఫైల్) మీద డెబియన్ డిజిటల్ సంతకం ఉంటుంది, ఏపీటీ (డెబియన్‌లో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం) దాన్ని చెక్ చేశాకే ప్యాకేజీ తీసుకుంటుంది, సంతకం తేడా వస్తే మాత్రం ట్రస్టెడ్ అని బలవంతంగా పెట్టి ముందుకెళ్ళొద్దు దయచేసి. ఇంకోటి, మామూలు ప్యాకేజీలకి ఏ మిర్రర్ పెట్టుకున్నా ఏపీటీ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అప్‌డేట్ల లైన్ మాత్రం సెక్యూరిటీ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ మీదే ఉంచండి. ఇవన్నీ చూసుకునే ఓపిక లేకపోతే డెబ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ పెట్టేయండి, అది సీడీఎన్ (చాలా చోట్ల సర్వర్లున్న నెట్‌వర్క్) కాబట్టి దగ్గర సర్వర్ నుంచే ఇస్తుంది, పాతబడిపోతుందన్న బెంగా ఉండదు