డాష్‌బోర్డు కోసం సర్వర్ తలుపులు బార్లా తీయొద్దు

2025 అక్టోబరులో గూగుల్ ఏఐ హబ్ ప్రకటన వెలువడినప్పటి నుంచి విశాఖలో డేటా సెంటర్ల మాటే మాట. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లంటే చిన్న విషయం కాదు. కానీ మధురవాడలోనో ఋషికొండలోనో పదిమంది టీమ్ చేతిలో ఉన్న డేటా భద్రత ఆ పెట్టుబడులతో తేలదు. చాలాసార్లు అది సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ సెట్టింగులు రాసే కంపోజ్ ఫైల్లోని ఒక్క వరుసతో తేలుతుంది.

సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌లో, డేటా పనుల వరుసలను (పైప్‌లైన్లను) వేళకు నడిపించే ఎయిర్‌ఫ్లోను నడుపుతున్నారనుకుందాం. అధికారిక నమూనా కంపోజ్ ఫైల్ డాష్‌బోర్డును 8080 పోర్టులో, అంటే సర్వర్‌కున్న ఆ నంబరు ద్వారంలో, పెడుతుంది. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘ఎయిర్‌ఫ్లో’యే. ల్యాప్‌టాప్‌లో బాగానే తెరుచుకున్నది, క్లౌడ్ సర్వర్‌కు మార్చగానే ఆఫీసు నుంచి తెరుచుకోదు. పని తొందరలో ఎవరో ఒకరు క్లౌడ్ ఫైర్‌వాల్‌లో 8080ని 0.0.0.0/0కి, అంటే ప్రపంచమంతటికీ, తెరిచేస్తారు. తాత్కాలికమే అనుకున్న ఆ రూల్‌ను మళ్లీ ఎవరూ తీసేయరు. ఆ డాష్‌బోర్డు ఉన్నది చూడటానికి మాత్రమే కాదు. అడ్మిన్‌గా లోపలికొచ్చినవాళ్లు పైప్‌లైన్ నడపగలరు, ఆపగలరు, డేటాబేస్ కనెక్షన్లు మార్చగలరు.

‘సర్వర్‌లో యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్ ఫైర్‌వాల్) ఉందిగా’ అనే ధీమా కూడా పనికిరాదు. డాకర్ తన ఐపీటేబుల్స్ రూల్స్ (లినక్స్‌లో ట్రాఫిక్‌ను మళ్లించే నియమాలు) తానే రాసుకుంటుంది. కంటైనర్‌కు వెళ్లే ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ కాపలా కాసే చోటికి రాకుండానే లోపలికి మళ్లిపోతుంది.

సరైన దారి ఇంతకంటే కష్టమేమీ కాదు. కంపోజ్ ఫైల్లో పోర్టు వరుసను 127.0.0.1:8080:8080గా మార్చి (127.0.0.1 అంటే ఆ మెషీన్‌కే పరిమితమైన అడ్రస్), మళ్లీ ‘డాకర్ కంపోజ్ అప్’ ఇవ్వాలి. ‘రీస్టార్ట్’ ఇస్తే సరిపోదు, అది ఫైల్లోని మార్పును పట్టించుకోదు. తర్వాత ల్యాప్‌టాప్ నుంచి సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు హైఫన్ క్యాపిటల్ ఎల్ (-L) ఆప్షన్‌తో 8080:లోకల్‌హోస్ట్:8080 చేర్చి కనెక్ట్ అయితే టన్నెల్, అంటే ల్యాప్‌టాప్ నుంచి డాష్‌బోర్డుకు భద్రమైన దారి, సిద్ధం. ల్యాప్‌టాప్‌లో 8080ని ఇంకేదో వాడుతుంటే ఎడమవైపు అంకెను 8081 చేస్తే చాలు.

సొంతంగా ఫ్లాస్క్‌తో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) డాష్‌బోర్డు రాసుకున్నవాళ్లకు ఇంకో చిక్కుంది. పోర్టు మ్యాపింగ్ సరిగ్గానే ఉన్నా బ్రౌజర్ కనెక్షన్ తెగిపోయిందంటుంది. ఫ్లాస్క్ మామూలుగా 127.0.0.1 మీదే వింటుంది, కంటైనర్‌లో ఆ అడ్రస్ ఆ కంటైనర్‌కే పరిమితం. కాబట్టి కంటైనర్ లోపల యాప్‌కు 0.0.0.0 (అన్ని అడ్రస్‌ల మీదా వినమని), బయట హోస్ట్ పోర్టుకు 127.0.0.1 ఉండాలి. ఈ రెండూ తారుమారు కావడం తరచూ జరిగేదే.

కంటైనర్ 137 కోడ్‌తో పడిపోతుంటే ముందు మెమరీని అనుమానించాలి. ఎయిర్‌ఫ్లో డాక్యుమెంటేషన్ డాకర్‌కు కనీసం 4 జీబీ, వీలైతే 8 జీబీ ఇమ్మంటుంది.

పేజీ తెరుచుకున్నంత మాత్రాన పైప్‌లైన్ నడుస్తున్నట్టు కాదు. పేజీ చూపించే వెబ్ కంటైనర్, జాబ్‌లను వేళకు మొదలుపెట్టే షెడ్యూలర్ కంటైనర్ వేర్వేరు. షెడ్యూలర్ చనిపోయినా పేజీ వస్తుంది, నిన్నటి పచ్చ రంగు గడులే చూపిస్తుంది. అందుకే ముందు షెడ్యూలర్ హార్ట్‌బీట్ (బతికే ఉన్నానని అది పంపే సంకేతం) చూడాలి. మామూలు సెట్టింగుల్లో చివరి సంకేతం వచ్చి 30 సెకన్లు దాటితే అది ఆరోగ్యంగా లేనట్టే లెక్క.

సమయం సంగతి కూడా మరవొద్దు. ఎయిర్‌ఫ్లో మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంది. రోజువారీ జాబ్ అర్ధరాత్రికి పెట్టామనుకుంటే అది మొదలయ్యేది మన ఉదయం 5:30కి. అయిదింటికి చూసి జాబ్ ఆగిపోయిందని చేత్తో ట్రిగ్గర్ చేస్తే అదే డేటా రెండుసార్లు ఎక్కే ప్రమాదముంది. పేజీలో టైమ్‌జోన్ మారిస్తే కనిపించే అంకెలు మారతాయే తప్ప షెడ్యూల్ మారదు. దానికి డాగ్ కోడ్‌లో, అంటే పైప్‌లైన్‌ను నిర్వచించే కోడ్‌లో, టైమ్‌జోన్‌గా ఆసియా/కోల్‌కతా అని రాయాలి.