మహారాజశ్రీ పీపీఎఫ్ గారికి, బురద బండి తరఫున

మహారాజశ్రీ పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తలుస్తాం. పెయింటుకు గీతలు పడకుండా బండి మీద అంటించే పారదర్శక ప్లాస్టిక్ పొర కదా తమరు. తమర్ని కప్పుకున్న ట్రక్కు సంగతే కాస్త అటూఇటూగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

తమది పెద్ద వంశం. వియత్నాం యుద్ధ కాలంలో హెలికాప్టర్ రెక్కల అంచులు ఇసుకకు అరిగిపోకుండా అంటించిన పాలియురెథేన్ పట్టీ తమ పూర్వీకుడు. అంతటి వీరుడి వారసులు ఇవాళ బానెట్ మీద పిట్టరెట్టకు కాపలా కాస్తున్నారు. పొట్టకూటికి ఏ పనైతేనేం లెండి, దాన్ని తప్పుపట్టం. మా గొడవ వేరే. రాళ్లూ వాగులూ ఎక్కించడానికని బండి కొంటారు. లోతైన గాడులున్న టైర్లు, ముందు ఇరుక్కున్న బండిని లాగే విన్చ్, పైన లైట్ బార్ బిగిస్తారు. తమర్ని కప్పిన మర్నాటి నుంచి మాత్రం యజమాని తుప్ప కనిపిస్తే చాలు బ్రేకు తొక్కుతాడు. బండిని కాపాడ్డానికి తమరొచ్చారా, తమర్ని కాపాడ్డానికి బండి ఉందా అన్నది ఎవరూ తేల్చరు.

తమ మందం దగ్గర మొదలుపెడదాం. అడిగితే గుండె విరుచుకుని ‘8 మిల్’ అంటారు. మిల్లంటే మిల్లీమీటరే అనుకుని మురిసిపోయేవాళ్లు కొల్లలు. మిల్లంటే అంగుళంలో వెయ్యో వంతు. ఎనిమిది కలిపితే సుమారు 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో అయిదో వంతు. అయినా చిన్నచూపు చూడక్కర్లేదు. ఫ్యాక్టరీలో వేసిన పెయింటు ప్రైమరుతో సహా మొత్తం 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, అందులో గీతలన్నీ మోసే క్లియర్‌కోట్, అంటే అన్నిటికంటే పైనుండే పారదర్శక పూత, వాటా 40, 50 మాత్రమే. వచ్చిన చుట్టం ఇంటాయన కంటే లావన్నమాట.

ఆ లావుతో తమరు చేయగలిగిన పని ఒకటుంది, అది బాగానే చేస్తారు. పొదల మధ్య ఇరుకు దారిలో తలుపుల పొడవునా పడే సన్నగీతల్ని తమరు పెయింటు దాకా రానివ్వరు. తమ పై పూత మీద పడ్డ గీతలు కాస్త వేడి తగిలితే వాటంతటవే పూడుకుంటాయి. ఎండలో నిలబెట్టినా సరే, వేడినీళ్లు పోసినా సరే. ఈ మాయ పై పూత వరకే. ఎండు కొమ్మ మొన కింది పొరలోకి దిగిందంటే అది గీత కాదు, కోత. దాని మీద కడవలకొద్దీ వేడినీళ్లు పోసినా మానదు. ఇక తలుపుల కిందుండే అంచు, అదే సిల్, బండరాతికి ఒరుసుకున్నప్పుడు తమరూ, పెయింటూ, రేకూ ముగ్గురూ కలిసికట్టుగా లోపలికి వెళ్తారు. సొట్టను ఆపేది ఛాసిస్‌కు బిగించిన ఇనుప రక్షణ కడ్డీ, అదే స్లైడర్. ‘ఫిల్మ్ ఉందిగా’ అని స్లైడర్ వాయిదా వేసినవాడికి తమరు ఒక్కసారైనా నిజం చెప్పి ఉండాల్సింది.

రెండో ఫిర్యాదు తమ పోస్టింగు గురించి. ఎప్పుడు చూసినా బానెట్ మీదే, అందరికీ కనపడేచోటే మకాం. దెబ్బలు పడేది మరోచోట. లోతు గాడుల టైరులో గులకరాళ్లు ఇరుక్కుంటాయి. బండి మట్టిదారి వదిలి వేగం అందుకోగానే అవి ఊడి, ముందు తలుపు కింది భాగాన్నీ, వెనక చక్రానికి ముందుండే వంపునీ కొడతాయి. వెడల్పు టైర్లు వేసి చక్రం మీది రేకు, అదే ఫెండరు, దాటి బయటికి తెచ్చుకుంటే ఆ జల్లు ఇంకా పైకి ఎగజిమ్ముతుంది. ఆ వంపు మీద గోరు ఆనించి చూడండి, గరగరలాడుతుంది. దగ్గరగా వంగితే ఒక్కో చుక్కలో లేత ప్రైమరు, ఆ ప్రైమరు నడుమ సూదిమొనంత ఎర్రటి తుప్పు. ఈ చోటుకు తమ జాతిలో మందపాటి రకాన్నే పంపాలి, పైగా వెడల్పు మడ్‌ఫ్లాప్ తోడుండాలి. ఆ తర్వాత తలుపుల కింది సగం, తలుపు అంచులు, అద్దాల ముందువైపు, విండ్‌షీల్డ్ పక్క స్తంభాలు, పైకప్పు ముందంచు, సామాను ఎక్కించేచోట బెడ్ అంచు, టెయిల్‌గేట్ పైభాగం. డబ్బులు మిగిలితే అప్పుడు బానెట్.

బానెట్ మీద కూర్చోక తప్పదనుకుంటే సగం కూర్చోకండి. ముందు భాగానికి మాత్రమే అడ్డపట్టీలా వేస్తే ఆ పట్టీ వెనకంచున మట్టి చేరి, అడ్డంగా ఒక గోధుమరంగు గీత శాశ్వతంగా ఉండిపోతుంది. పూర్తిగా వేయాలన్నా ఒకసారి కొలిచి చూడాలి. మామూలు రోల్ వెడల్పు 152 సెంటీమీటర్లు. పెద్ద ట్రక్కు బానెట్ దాన్ని మించితే ఇంకా వెడల్పు రోల్ తేవాలి, లేదా అతుకు ఎక్కడ రావాలో ముందే తేల్చుకోవాలి. ముక్క చాలకపోతే సాగదీసేద్దామనుకునే పనివాళ్లున్నారు. అలా లాగి అంటించిన చోట జిగురు చారలు వెండిగీతల్లా మెరుస్తాయి. నాలుగు రోజులకు తమరు అసలు ఆకారం గుర్తుతెచ్చుకుని వెనక్కి ముడుచుకుంటారు, బంపర్ మూల లేచిపోతుంది. అప్పుడు తిట్లు తమకు, లాగినవాడికేమో ఇంకో బండి.

మరొక్క మాట. చక్రాల వంపుల చుట్టూ ఉండే గరుకు నల్ల ప్లాస్టిక్ ఫ్లేర్ల మీదికి తమర్ని తోలుకుపోయేవాళ్లను దయచేసి ఆపండి. జిగురు ఆ గరుకు కొనల మీద మాత్రమే ఆనుతుంది, పల్లాలన్నీ ఖాళీ. రెండు బురద స్నానాల్లో తమరు ఊడి జెండాలా రెపరెపలాడతారు.

ఇక తమ రాకకు ముందు జరిగే శుద్ధి. రోడ్డు కారుకు చేసే శుద్ధి దీనికి సరిపోదు. పైన ఎంత తళతళలాడినా, హెడ్‌లైట్ల చుట్టూ, తలుపు రబ్బర్ల కింద, బంపర్ సందుల్లో ఎండిన బురద దాక్కుని ఉంటుంది. తమర్ని పరచడానికి చల్లిన నీళ్లు సందులోకి దిగి ఆ బురదను నానబెడతాయి. నీళ్లు బయటికి నెట్టే పలక, అదే స్క్వీజీ, ఒకసారి లాగగానే సన్నటి ఇసుక తమ కిందికి ఈదుకుంటూ వస్తుంది. ఒక్కో రేణువూ ఒక్కో పొక్కు. కాబట్టి కడగాలి, సందుల్లోకి కంప్రెసర్ గాలి కొట్టాలి, మళ్లీ కడగాలి. ఆపైన ఇనుపరజను కరిగించే ద్రావణం, తారు తీసే ద్రావణం, అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్ద క్లే బార్, చివర ఆల్కహాల్ తుడుపు. పాత వ్యాక్స్ గానీ సెరామిక్ పూత గానీ మిగిలితే తమకు కాలు నిలవదు.

పెయింటు లేచిన చుక్కల్ని అలాగే ఉంచి పైన తమర్ని కప్పేవాళ్లూ ఉన్నారు. తడి లోపలే ఉండిపోయి తుప్పు తీరిగ్గా పెరుగుతుంది, పైనుంచి తమరు దానికి గాజు కిటికీ. తుప్పు గీకి, టచప్ వేసి, అది గట్టిపడ్డాకే రావాలి. ప్యానెల్ మొత్తం మళ్లీ పెయింటు చేయిస్తే సాల్వెంట్ పూర్తిగా ఎగిరిపోయేదాకా, మామూలుగా ఒక 30 రోజులు, గుమ్మం బయటే ఆగాలి. ఆగకపోతే లోపల బుడగలు లేస్తాయి. రేపు తమర్ని ఒలిచిననాడు కొత్త పెయింటు తమ కొంగు పట్టుకుని వెంట వచ్చేస్తుంది.

అంటించేందుకు రెండు బాటిళ్లు చాలు. ఒకదాంట్లో లీటరు శుద్ధజలానికి నాలుగైదు చుక్కల బేబీ షాంపూ, తమరు జారడానికి. రెండోదాంట్లో నాలుగు వంతుల నీళ్లకు ఒక వంతు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అంచులూ మూలలూ పట్టడానికి. షాంపూ ఎక్కువైతే జిగురు పట్టదు, ఆల్కహాల్ ఎక్కువైతే పట్టిన చోటు వదలదు. పని నీడలో, దుమ్ము లేనిచోట, 18 నుంచి 25 డిగ్రీల మధ్య జరగాలి. స్క్వీజీ నడిమి నుంచి బయటికి, ఒక్కో లాగుడు ముందుదాని సగం మీదుగా పోవాలి. మిగిలిన నీటి పొక్కులు కొన్ని రోజుల్లో ఎండిపోతాయి, గాలి పొక్కులు ఎండవు. తెలియనివాడు రెంటినీ సూదితో పొడుస్తాడు. బండి మీదే బ్లేడుతో కోయడం అంతకంటే ఘోరం. పెయింటు తెగింది కనపడదు, ఎందుకంటే దాని మీద తమరు ఉన్నారు. ముందే ప్లాటర్ అనే కోత యంత్రం మీద కోసిన ముక్కలు వాడాలి, లేకపోతే లోపల దారం ఉండే కోత టేపు.

అంచుల దగ్గర మాత్రం రాజీ కుదరదు. ప్యానెల్ అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందే ఆగిపోతే రోడ్డు కారుకు చెల్లుతుంది. బురద బండికి ఆ సన్నటి మెట్టే కాలువగట్టు, మట్టంతా అక్కడే పేరుకుంటుంది. వీలున్నచోటల్లా అర సెంటీమీటరో, ఇంకాస్తో వెనక్కి మడవాలి. మడిచేముందు ఆ వెనకవైపు కూడా తుడవాలి. అందరూ మరిచేది ఇదే. మడిచాక హీట్ గన్‌తో కాస్త వెచ్చజేసి వేలితో నొక్కాలి.

ఆ తర్వాత వారం రోజులు బురదకూ, కడుగుడుకూ సెలవు. మనవాడు ఆగుతాడా? మర్నాడే ప్రెషర్ వాషర్ నాజిల్ అంచుకు ఆనించి మరీ కొడతాడు, తమరు లేస్తారు, ‘నకిలీ సరుకు’ అంటాడు. నాజిల్ వెడల్పు జల్లుదై ఉండాలి, కనీసం అడుగు దూరంలో ఉండాలి, అంచు లోపలికి కాక అంచు మీదుగా పోవాలి. ఎండిన బురదను గుడ్డతో రుద్దడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ముందు నీళ్లతో నానబెట్టి, అది తనంతట జారాకే గుడ్డ ముట్టుకోవాలి. పిట్టరెట్టా, పురుగుల రక్తమూ, ఒలికిన డీజిలూ ఎండలో వదిలేస్తే తమకూ మచ్చలు తప్పవు.

వారంటీ కాగితం గురించి రెండే మాటలు. పసుపెక్కడం, పగలడం, పొరలూడటం సాధారణంగా అందులో ఉంటాయి. కొమ్మ కోతా రాయిదెబ్బా ఉండవు. అంటే ఈ బండి పుట్టిందే వేటికోసమో అవి తప్ప అన్నీ ఉంటాయి.

వయసైపోయి తమరు పెళుసుబారకముందే ఒలిపించుకోండి. వెచ్చజేసి, నెమ్మదిగా, లాగినకొద్దీ సాగేలా తీస్తే ఒకే చర్మంలా వస్తారు. ఆలస్యమైతే గోరంత ముక్కలుగా రాలతారు, జిగురంతా మాకు వదిలేసి.

ఇట్లు,
తమ అంచుల్లో మట్టి గీకేవాళ్లం

మరచితిమి: తలుపు హ్యాండిల్ వెనక గుంటలో అరచేతంత ముక్క ఒకటి తప్పక వేయించుకోండి. అక్కడి గీతలు ఏ పొదా గీసినవి కావు. తాళాల గుత్తి చేతిలో పట్టుకుని తలుపు తీసే యజమానివి.