'స్టేట్' అంటే రాజ్యమా, రాష్ట్రమా?

బెంగళూరు తెలుగు ఇళ్లలో ఇంగ్లీషు ప్రస్తావన వస్తే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూ గడప దగ్గరే ఆగిపోతుంది. మారతహళ్లిలోనైనా కృష్ణరాజపురంలోనైనా రెండు సందులు తిరిగేలోపు ఒక స్పోకెన్ ఇంగ్లీషు బోర్డు ఎదురవుతుంది. తనను తాను పరిచయం చేసుకోవడం, గ్రూప్ డిస్కషన్‌లో జంకు లేకుండా నోరు తెరవడం, ఫోన్‌లో మర్యాదగా మాట్లాడడం అక్కడ నేర్పుతారు. ఆ చదువు కావలసినవాళ్లకు అది అక్కరకొస్తుంది కూడా. అయితే ఈ నగరానికి ఇంకో రకం తెలుగు విద్యార్థులూ ఏటా వస్తుంటారు. హిందూపురం, అనంతపురం, మదనపల్లెల్లో డిగ్రీ ముగించి రాజనీతి శాస్త్రంలోనో సమాజశాస్త్రంలోనో ఎం.ఏ.లో చేరేవాళ్లు కొందరైతే, బాగేపల్లి, చింతామణి, పావగడ ప్రాంతాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదువుకున్నవాళ్లు మరికొందరు. పీజీ కోర్సులో చేరి పీజీ గదిలో ఉండే (ఈ ఊళ్లో ఆ రెండక్షరాలకూ రెండర్థాలూ చెల్లుతాయి) ఈ పిల్లలకు కావలసిన ఇంగ్లీషు వేరు. అదేమిటో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదన్నది, నేర్పడం అంతకన్నా లేదన్నది మా ఫిర్యాదు.

ఈమధ్య మా కంటబడిన ఒక మొదటి సెమిస్టర్ విద్యార్థిని నోట్సులో 'మ్యారేజ్ ఈజ్ ఏన్ ఇన్‌స్టిట్యూషన్' అన్న వాక్యం ఉంది. చివరి మాట మీద పెన్సిల్‌తో 'సంస్థ' అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఆ ప్రశ్నార్థకం తెలివితక్కువది కాదు. సంస్థ అంటే ఆఫీసు ఉంటుంది, కార్యదర్శి ఉంటాడు, రసీదు పుస్తకం ఉంటుంది. పెళ్లికి ఇవేవీ లేవు కదా అన్నది ఆ అమ్మాయి సందేహం. తెలుగులో మనం వివాహ వ్యవస్థ అంటాం. కానీ వ్యవస్థ అంటే 'సిస్టమ్' అని ఆమె అంతకుముందు పేజీలోనే రాసుకుంది. రెండు ఇంగ్లీషు మాటలకు మనం ఒకే తెలుగు మాట వాడుతున్నామని ఆమెకు చెప్పినవారు లేరు. ఈ చిక్కు నిఘంటువు తిరగేస్తే తీరదు, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో అసలు తలెత్తనే తలెత్తదు. సమాజశాస్త్రం తెలిసిన అధ్యాపకుడు పది నిమిషాలు కూర్చుని, నలుగురూ పాటించే, తప్పితే నలుగురూ నిలదీసే, మనుషులు పోయినా నిలిచి ఉండే కట్టుబాట్ల అల్లికకు ఇన్‌స్టిట్యూషన్ అని పేరు పెట్టారని చెబితే తీరుతుంది.

రాజనీతి శాస్త్రంలో 'స్టేట్' అన్న మాట తెచ్చే తంటా ఇంతకన్నా పెద్దది. మన రాజ్యాంగం 1వ అధికరణ భారతదేశాన్ని రాష్ట్రాల యూనియన్ అంటుంది. అక్కడ స్టేట్ అంటే రాష్ట్రం. 12వ అధికరణకు వచ్చేసరికి అదే మాటలో కేంద్ర ప్రభుత్వం, పార్లమెంటు, రాష్ట్ర ప్రభుత్వాలు, శాసనసభలు, స్థానిక సంస్థలు అన్నీ ఇమిడిపోతాయి. అక్కడ స్టేట్ అంటే రాజ్యం. ఈ తేడాను తెలుగు రెండు మాటలతో స్పష్టంగా చూపిస్తుంది గనుక తెలుగులో చదివినవాడికి నిజానికి ఇది తేలిక కావాలి. కానీ బెంగళూరులో ఉన్నవాడి సంగతి చూడండి. అక్కడి ఆర్టీసీ పేరు కన్నడంలో 'కర్ణాటక రాజ్య రస్తె సారిగె నిగమ', ఎందుకంటే కన్నడంలో రాజ్య అంటే రాష్ట్రం. కన్నడంలో రాష్ట్ర అంటే దేశం, జాతి. మనమూ రాష్ట్రపతి అన్నప్పుడు ఆ అర్థంలోనే వాడతాం గానీ ఆ సంగతి గుర్తుపెట్టుకోం. బాగేపల్లి నుంచి వచ్చిన విద్యార్థి తలలో ఈ మూడు భాషల మాటలూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. దానికి తోడు ఇంగ్లీషులో 'ఎ స్టేట్' అంటే ఏదో ఒక రాష్ట్రమో దేశమో, 'ది స్టేట్' అంటే రాజ్యం అన్న భావన; తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఆ చిన్న మాటలను మనవాళ్లు వ్యాకరణంలో అరమార్కు తప్పుగా చూస్తారే తప్ప అర్థాన్ని మార్చే మాటలుగా చూడరు. ఫలితంగా జవాబు పత్రంలో రాజ్యం బలప్రయోగాధికారం గురించి మొదలైన పేరా మూడో వాక్యానికల్లా ముఖ్యమంత్రి అధికారాల్లోకి జారిపోతుంది. దిద్దేవారు 'పూర్ ఇంగ్లీష్' అని రాసి మార్కులు కోస్తారు. పోయింది ఇంగ్లీషు కాదు, భావన.

ఇక అధికారం అన్న మాట. 'పవర్' అన్నా 'అథారిటీ' అన్నా పాఠ్యపుస్తకాల్లో అధికారమే. జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ చెప్పిన సంప్రదాయ, సమ్మోహన, చట్టబద్ధ అధికార రూపాలు మూడూ రెండో మాటకు చెందినవి. ఎదుటివాళ్లు న్యాయమైనదిగా ఒప్పుకున్న పెత్తనం గురించినవి. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది. పేటలో పేరుమోసిన దాదా చెయ్యెత్తినా ఆగుతుంది. ఆగడం ఒకటే గానీ ఆపినవాడికి ఉన్నది ఒకటి కాదు. ఇది తెలియని తెలుగువాడు లేడు. తేడా చెప్పడానికి మన దగ్గర పలుకుబడి, పెత్తనం, ఆధిపత్యం, దౌర్జన్యం అంటూ వరసగా మాటలున్నాయి, ఒక్కొక్క దానికీ ఒక్కో బరువుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ డిగ్రీ పుస్తకాలూ పారిభాషిక పదకోశాలూ అచ్చువేసి చేసిన మేలు చిన్నది కాదు. అయినా తరగతి గదిలో ఆ పదకోశాల సంస్కృత సమాసాలే మిగిలి, ఊరి మాటలు గుమ్మం బయట ఉండిపోయాయి. పలుకుబడికీ పెత్తనానికీ తేడా తెలిసిన పిల్లవాడికి పవర్‌కూ అథారిటీకీ తేడా చెప్పడం ఎంతసేపు?

అసలు ఈ శాస్త్రాల్లో ఇంగ్లీషు సొంతదారు కూడా కాదు. వెబర్ రాసింది జర్మన్‌లో, దుర్ఖైమ్ ఫ్రెంచిలో, గ్రాంసీ ఇటాలియన్‌లో. మార్క్స్‌ను తెలుగులోనూ చదవవచ్చు గానీ తక్కినవారి విషయంలో తెలుగు పాఠకుడికి అంత వీలు లేదు కాబట్టే ఇంగ్లీషు దారి పట్టవలసి వస్తోంది. ఆ దారిలోనూ మలుపులున్నాయి. ఆధునిక మనిషిని బిగించి పట్టిన వ్యవస్థకు వెబర్ పెట్టిన పేరుగా ప్రపంచమంతా చెప్పుకునే 'ఇనుప పంజరం' 1930లో టాల్కట్ పార్సన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదంలోది. జర్మన్ మూలంలో ఉన్నది ఉక్కులా గట్టిపడిన పెంకు లాంటి మాట. పంజరంలోంచి పక్షిని బయటికి వదలవచ్చు, పెంకు ఒంటిని అంటుకుని ఉంటుంది. ఇంగ్లీషు వచ్చినవారు కూడా అనువాదమే చదువుతున్నారని తెలిస్తే మన విద్యార్థికి ఆ భాష ముందు ఉండే బెదురు కొంతైనా తగ్గుతుంది.

బెదురు తగ్గినంత మాత్రాన వాక్యం లొంగదు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, విశేషణాలన్నీ నామవాచకానికి ముందే వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లీషు సిద్ధాంత గ్రంథాల్లో కర్త తర్వాత మూడు వరుసల వివరణ తోకలా వేలాడుతూ, అసలు క్రియ ఎక్కడో నడుమ దాక్కుంటుంది. చదివేవాడు తోక దగ్గరకు వచ్చేసరికి తల మరిచిపోతాడు. ముందు క్రియను వెతికి గీత గీయాలి, ఆ తర్వాత ఆ పని ఎవరు చేశారో వెతకాలి అన్న చిన్న కిటుకు నేర్పితే పేజీకి పట్టే సమయం సగమవడం మేము చూశాం. రాయడంలో ఇంకో లోటుంది. మనవాళ్లు రాసే జవాబుల్లో వెబర్ 'టోల్డ్', అంబేడ్కర్ 'టోల్డ్', రాజనీతి శాస్త్రవేత్త రజనీ కొఠారీ కూడా 'టోల్డ్'. అందరూ చెప్పేవాళ్లే గానీ వాదించినవారు, ప్రతిపాదించినవారు, సూచించినవారు, ఒప్పుకున్నవారు, ఖండించినవారు ఉండరు. ఎవరు ఎంత గట్టిగా, ఎంత ఆధారంతో అన్నారో చెప్పే ఈ క్రియలే సామాజిక శాస్త్రాల్లో నిజమైన ఇంగ్లీషు. ఓ ముప్ఫై క్రియలు చేతికొస్తే వ్యాసం మారిపోతుంది. తెలుగు మాట్లాడేవాడు 'వచ్చాడు' అనాల్సిన చోట 'వచ్చాడట' అనడు, అనకూడని చోట అంటే పక్కవాడు నిలదీస్తాడు. అంత జాగ్రత్త ఉన్న నాలుక ఇంగ్లీషులో 'టోల్డ్' దగ్గరే నిలిచిపోవడం నేర్పేవాళ్ల లోపం.

ఈ నగరానికి ఈ శాస్త్రాలతో ఉన్న చుట్టరికం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరులో పుట్టారు, కొడగు మీద 1952లో వెలువడిన గ్రంథంతో సంస్కృతీకరణ (కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించడం) భావనను నిలబెట్టారు, మైసూరు పల్లెను చూసి ఆధిపత్య కులాన్ని నిర్వచించారు, వి.కె.ఆర్.వి. రావు 1972లో ఇక్కడ నెలకొల్పిన సామాజిక, ఆర్థిక మార్పుల అధ్యయన సంస్థలో పనిచేశారు. ఇవాళ ప్రతి తెలుగు టీవీ చర్చలోనూ దొర్లే ఓటు బ్యాంకు అన్న మాట ఆయన 1955 నాటి మైసూరు గ్రామ వ్యాసంలోది. అదే 1955లో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే పుస్తకం 'ఇండియన్ విలేజ్' వచ్చింది. అందులోని ఊరు హైదరాబాద్ దగ్గరి షామీర్‌పేట. అంటే మన ఊరి వ్యవహారం ఇంగ్లీషులోకి వెళ్లి, సిద్ధాంతమై, సిలబస్‌గా తిరిగొచ్చి మన పిల్లలనే భయపెడుతోంది. 'క్రాస్ కజిన్ మ్యారేజ్' అన్న శీర్షిక చూసి గైడు కోసం పరుగెత్తిన విద్యార్థికి అది మేనరికమని, ఆ రేఖాచిత్రంలోని త్రిభుజం తన బావ అని, గుండ్రని గుర్తు తన అత్త కూతురని తెలిస్తే పాఠం చెప్పేది తనే అవుతుంది. ఇంగ్లీషు 'కజిన్' పెదనాన్న కొడుకునూ మేనత్త కొడుకునూ ఒకే గాటన కడుతుంది; అన్న వరసకూ బావ వరసకూ ఉన్న తేడా మీదే ద్రావిడ బంధుత్వ చర్చ అంతా నడిచింది.

పరీక్షల నిర్వాహకుల తీరు ఈ విషయంలో పొంతన లేనిది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు జరిపే ఉమ్మడి పరీక్షను (సీయూఈటీ) తెలుగుతో కలిపి 13 భాషల్లో రాయవచ్చు. సివిల్స్ మెయిన్స్ జవాబులు తెలుగులో రాయవచ్చు, కానీ ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. కాలేజీ అధ్యాపకుడు కావడానికి రాయవలసిన నెట్‌లో రాజనీతి శాస్త్రం, సమాజశాస్త్రం పత్రాలు కూడా ఆ రెండు భాషల్లోనే. ఇంగ్లీషు కోర్సు చదివినా పరీక్షను స్థానిక భాషలో రాయనివ్వాలని యూజీసీ 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలకు చెప్పింది; తన నెట్ పత్రానికి మాత్రం ఆ మాట వర్తింపజేసుకోలేదు. ఆంధ్రప్రదేశ్ సంగతి ఇంకోలా ఉంది. 2021-22 నుంచి అక్కడి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. ఆ విద్యార్థులే ఇప్పుడు బెంగళూరు తరగతుల్లో ఇంగ్లీషు మీడియం పట్టాతో, తెలుగులో బట్టీపట్టిన భావనలతో కూర్చుంటున్నారు. అదే రాష్ట్రం బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు అచ్చువేసి మంచి పని చేసింది. డిగ్రీకి, ఎం.ఏ.కి ఆ పద్ధతి ఎందుకు కూడదో ఎవరూ వివరించలేదు.

ఇంగ్లీషు మానేసి అంతా తెలుగులోనే చదవాలన్న వాదనను మేము గౌరవిస్తాం గానీ, ఇవాళ ఎం.ఏ. చదువుతున్న పిల్లవాడిని ఆ వాదన గెలిచేదాకా ఆగమనలేం. ఇంగ్లీషు తప్ప మరో మాట వినపడకూడదని తరగతిలో జరిమానా వేసేవారిని గౌరవించడం అంతకన్నా కష్టం. అంబేడ్కర్ కులాల పుట్టుక మీద 1916లో కొలంబియాలో చదివిన పత్రం ఇంగ్లీషులో రాశారు, 1920లో మూక్‌నాయక్ పత్రికను మరాఠీలో పెట్టారు. ఒక భాష కోసం రెండోదాన్ని వదులుకోలేదు. ఫోన్‌లో అనువాద యాప్ ఉందిగా అనేవారికి ఒకటే చెబుతాం: ఆ యాప్ 'స్టేట్' అన్న మాటను ఒకే వ్యాసంలో ఒకచోట రాష్ట్రమనీ, ఇంకోచోట రాజ్యమనీ, మరోచోట స్థితి అనీ ఇస్తుంది. ఏది ఎక్కడ తప్పో కనిపెట్టడానికి విషయం ముందే తెలిసి ఉండాలి.

మేము అడుగుతున్నది పెద్ద పథకం కాదు. మొదటి సెమిస్టర్‌లో వారానికి ఒక గంట, ఇంగ్లీషు విభాగం కాకుండా రాజనీతి, సమాజశాస్త్ర అధ్యాపకులే మూల గ్రంథంలో రెండే రెండు పేజీలు విద్యార్థులతో కలిసి చదవాలి. చర్చ తెలుగులోనో కన్నడంలోనో సాగనివ్వాలి, గంట చివర ఒక్క పేరా మాత్రం ఇంగ్లీషులో రాయించాలి. ఆ పేరాను దిద్దేటప్పుడు వాదనకు వేరుగా, భాషకు వేరుగా మార్కులు వేయాలి. మన తెలుగు సంఘాల హాళ్లు ఉగాదికీ సన్మానాలకూ నిండి, మామూలు రోజుల్లో తాళాలతో ఉంటాయి. ఆదివారం పూట ఇలాంటి పఠన బృందానికి తాళం తీయడానికి ఖర్చేమీ ఉండదు, పదవీ విరమణ చేసిన తెలుగు అధ్యాపకులు ఈ ఊళ్లో తక్కువేమీ లేరు. ఇక ఆ పెన్సిల్ ప్రశ్నార్థకం విషయం: అలాంటి యాభై మాటలకు ఇంగ్లీషు, కన్నడ, తెలుగు అర్థాలను, అవి ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో ఉదాహరణలతో విద్యార్థే రాసి తెచ్చే పదకోశాన్ని సెమిస్టర్ అసైన్‌మెంట్‌గా ఒప్పుకుని ఇంటర్నల్ మార్కులు ఇవ్వవచ్చు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీల్లో దీనికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, పాఠ్యమండలి సమావేశంలో ఒక తీర్మానం చాలు.