ఫొటో బాగుంది, బెల్టులేవీ?

బ్రిటన్‌లోని మన తెలుగు సంఘం ఉగాది సంబరాల ఫొటో పోటీలో ఈసారి మొదటి బహుమతి దేనికొచ్చిందో సభ్యులందరికీ తెలుసు. సంక్రాంతికి కోనసీమ వెళ్లిన మన బృందం, దిండి దాటి చించినాడ వంతెన మీద పోతుండగా క్యారవాన్ (పరుపులు, వంటగది ఉన్న అద్దె బండి) లోపల తీసిన ఫొటో అది. వెనకాల పరుపు మీద పిల్లలు బోర్లా పడుకుని పేకాడుతున్నారు. పక్క సోఫాలో అమ్మమ్మగారి ఒళ్లో చంటివాడు. కిటికీలో వశిష్ఠ గోదావరి. తెర మీద పడగానే హాలంతా చప్పట్లు.

ఫొటో నిజంగానే బాగుంది. కాకపోతే దాన్ని ఒకసారి బొమ్మలా కాకుండా బండిలా చూడండి. సోఫా గోడవారగా ఉంది, అంటే కూర్చున్నవాళ్లు రోడ్డుకి అడ్డంగా చూస్తున్నారు. దానికి సీటు బెల్టే లేదు. ఎదురుగా ముందుకి చూసే సీటుకి ఉందిగానీ, బకిల్ కొస మాత్రమే దిండ్ల సందులోంచి తొంగి చూస్తోంది, మిగతాదంతా పూల కవరు మింగేసింది. నడవలో ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాను. సింకు కింద అలమర తలుపు ఓరగా తీసుంది, లోపల ఎర్రగా సిలిండరు. బల్ల మీద స్టీలు ఫ్లాస్కు.

ఈ మాట భోజనాల దగ్గర ఒకరిద్దరితో అంటే వచ్చిన జవాబు, "పండక్కెళ్లి కూడా ఇక్కడి రూల్సేనేంటండీ?" పక్కనున్నాయన ఇంకో మాట కలిపారు, "మన రోడ్ల మీద అంత స్పీడెక్కడిదండీ బాబూ!" ఈ రెండో మాట దగ్గరే అసలు పేచీ.

గంటకి 50 కిలోమీటర్లు వేగం కాదనుకుంటాం. ఆ వేగంతో పోతూ దేన్నయినా గుద్దితే, బెల్టు లేని మనిషికి అది ముప్ఫై అడుగుల కొబ్బరిచెట్టు మీంచి పడ్డట్టే. లెక్క తప్పు కాదు, వేగం ఆ ఎత్తుకి దాదాపు సరిపోతుంది. ఆ వేగం అర మీటరు దూరంలో ఆగిపోవాలంటే శరీరం మీద దాని బరువుకి ఇరవై రెట్లు పడుతుంది. పది కేజీల చంటివాడు ఆ క్షణాన రెండు క్వింటాళ్లు. ఏ అమ్మమ్మ చేతులూ ఆపలేవు. ప్రేమ తక్కువై కాదు, ఎముకకి ఆ బలం లేక. నీళ్ల క్యాను నాలుగు క్వింటాళ్లు, 14.2 కేజీల గ్యాసు నిండిన సిలిండరు ఇనప బరువుతో కలిపి దాదాపు ఆరు క్వింటాళ్లు. వెనకవాళ్లకి బెల్టు లేకపోతే వాళ్లొచ్చి పడేది ముందు సీట్లవాళ్ల మీదే, కాబట్టి ముందున్నవాళ్లు పెట్టుకున్న బెల్టుకీ పూర్తి ఫలం దక్కదు. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న కారు గోడని గుద్దుకుంది. వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు, ముందున్న ఇద్దరూ బతికారు.

డెల్టా రోడ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. పదహారో నంబరు హైవే దిగి రావులపాలెం నుంచి కొత్తపేట మీదుగా అమలాపురం వైపు తిరిగితే ఒక పక్క కాలవ, ఒక పక్క ఇళ్లు. అరటిగెలల ఆటో, కొబ్బరికాయల లారీ, పంట రోజుల్లో సగం రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, సంక్రాంతి పొద్దుటి మంచు, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయే జనం. గుద్దుకోవడం దాకా అక్కర్లేదు, గేదె అడ్డొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకేస్తే చాలు, పరుపు మీద పిల్లలు పేకముక్కలతో సహా నడవలో ఉంటారు.

ఇప్పుడు సీట్ల సంగతి. క్యారవాన్ కుదుర్చుకునేటప్పుడు మనం ఏసీ, బాత్రూము, పరుపులు అడుగుతాం. "ఎంతమంది పడుకోవచ్చు?" అని అడుగుతాం. అడగవలసింది, కదిలే బండిలో ఎంతమంది బెల్టుతో కూర్చోవచ్చని. ఆరుగురు పడుకునే బండిలో నలుగురికే ప్రయాణపు సీట్లుండటం మామూలే.

ముందుకి చూసే సీటు, భుజం మీంచి కూడా వచ్చే మూడు బిందువుల బెల్టు, ఇది మొదటి రకం. వెనక్కి చూసే సీటుకి నడుం బెల్టుతో కొంత నడుస్తుంది, ఎందుకంటే గుద్దినప్పుడు వీపుని సీటే ఆపుతుంది. అయితే తల వెనక ఆనుడు చెవుల ఎత్తుదాకా రావాలి. పక్కకి చూసే సోఫాకి మాత్రం బెల్టు కట్టించినా లాభం లేదు. నడుం ఆగిపోతుంది, పైభాగం పక్కకి విరుచుకుపడుతుంది, మెడ, పక్కటెముకలు ఆ ఒంపుని తట్టుకోలేవు. భుజం బెల్టయితే మెడకే పడుతుంది. ఆ సోఫా బండి ఆగాక కబుర్లు చెప్పుకోవడానికే.

బెల్టు కనబడగానే సంబరపడకండి. దిండు ఎత్తి, అది దేనికి బిగించారో చూడాలి. మార్పులు చేసే చిన్న షెడ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. ప్లైవుడ్ పెట్టె కట్టి, రేకు సీలలు కొట్టి, దానికే బెల్టు తగిలిస్తారు. చేత్తో లాగితే గట్టిగానే ఉంటుంది. కానీ ప్రయాణికుల చిన్న బళ్లలో నడుం బెల్టు బిగింపుని ఐక్యరాజ్యసమితి 14వ నిబంధన కింద 22,250 న్యూటన్లతో, అంటే రెండు టన్నుల పైచిలుకు బరువుతో లాగి పరీక్షిస్తారు. ప్లైవుడ్ ఆ మొదటి తోపుకే చీలిపోతుంది, మనిషీ బెల్టూ పెట్టే కలిసి ఎగిరొస్తాయి. ఉండవలసింది ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) పట్టిన ఇనప ఫ్రేము, దానికి బెల్టు కోసమే చేసిన గట్టి బోల్టు (సాధారణంగా 7/16 అంగుళం), రేకు నేల కింద బరువు పంచే మందపాటి ప్లేటు. కింద నుంచి టార్చి వేసి చూస్తే ఆ ప్లేటు కనబడాలి. కనబడకపోతే ఓనర్ని అడగండి. ఆయన తల గోక్కుంటే ఆ సీటుని లెక్కలోంచి తీసేయండి.

బెల్టు చుట్టుకునే రీలు డబ్బాది ఇంకో తంటా. దాని లోపల చిన్న గుండు ఉంటుంది, బండి ఒక్కసారిగా ఆగితే అది దొర్లి పళ్లని పట్టేస్తుంది. డబ్బాని ఏ కోణంలో పెట్టాలో తయారీలోనే నిర్ణయిస్తారు. పాత కారు తలుపు పక్క స్తంభం నుంచి ఊడదీసిన రీలుని వాలు సీటు వెనక వంకరగా బిగిస్తే, బెల్టు ఊరికే బిగుసుకుపోయి బయటికి రాదు, లేకపోతే పట్టవలసినప్పుడు పట్టదు. నెమ్మదిగా లాగితే జారాలి, చటుక్కున గుంజితే ఆగాలి. పట్టీ అంచులు పీచు లేచాయేమో చూడండి. సముద్రం దగ్గరి ఉప్పుగాలికి బకిల్ స్ప్రింగు తుప్పు పట్టి సగమే పడుతుంది. "టక్" మన్నాక పట్టుకుని ఒకసారి గుంజాలి.

పిల్లల విషయంలో ఊరివాళ్లని తిట్టడానికి మనకి అర్హత లేదు. ఇక్కడ ఆస్పత్రి నుంచి బిడ్డని ఇంటికి తెచ్చుకునేటప్పుడే కారు సీటు బిగించే మనమే, రాజమండ్రిలో దిగగానే బిడ్డని ఒళ్లోకి తీసుకుంటాం. నానమ్మ చేతులు ఏడాదిగా ఎదురుచూశాయి, నిజమే. ఆ ముచ్చట ఇంటి అరుగు మీద తీర్చుకోవచ్చు. పిల్లల సీటు ముందుకి చూసే సీటులోనే, మూడు బిందువుల బెల్టుతోనే పెట్టాలి. సోఫా మీద కుదరదు. బూస్టరుని (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటుని) నడుం బెల్టుతో వాడితే బెల్టు పొట్టకి ఎక్కి లోపలి అవయవాలు దెబ్బతింటాయి. నేల మీదికి కాలు దిగే రకం సీటయితే, ఆ కాలి కింద బోలు అర మూత ఉందేమో తట్టి చూడండి, ఉంటే కాలు నిలవదు.

ఇక డెల్టాలో అందరూ అనే మాట, "బెల్టు పెట్టుకుంటే కాలవలో పడ్డప్పుడు బయటికి రాలేం." భయం ఉత్తది కాదు, కాలవల్లో బళ్లు పడటం మనం చూస్తున్నదే. అయితే బండి కాలవలోకి దిగేలోపు గట్టునో చెట్టునో గుద్దుతుంది. బెల్టు లేనివాడు అప్పుడే స్పృహ తప్పుతాడు, స్పృహ లేనివాడికి ఈత వచ్చినా ఒకటే. బండి వెంటనే మునిగిపోదు, మొదటి నిమిషమే మనది. బెల్టు తీయడం, కిటికీ తెరవడం, పిల్లల్ని ముందు బయటికి పంపడం, ఆ వరసలో. తలుపుతో కుస్తీ పట్టకండి, నీటి ఒత్తిడికి అది రాదు. కిటికీది టఫెన్డ్ (గట్టిపరిచిన) గాజయితే సుత్తితో మూల మీద కొడితే పొడైపోతుంది. విదేశీ తరహా యాక్రిలిక్ (ప్లాస్టిక్) కిటికీని సుత్తి ఏం చేయలేదు, దాని గొళ్లాలు తిప్పి తోయాలి. ఎలా తెరుచుకుంటుందో బయల్దేరకముందే పిల్లలతో సహా తెరిచి చూడాలి. బెల్టు కోసే కొక్కెం కత్తి వరసకొకటి చేతికందేలా కట్టుండాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. బ్రిటన్‌లో వెనక సీట్లో పెద్దలకి బెల్టు తప్పనిసరై 1991 జులై 1 నుంచి ఇన్నేళ్లయింది. 2007 అక్టోబరు 20 తర్వాతి కొత్త మోటార్‌హోమ్‌లో, అంటే ఇలాంటి క్యారవాన్ బండిలో, ప్రయాణానికి కేటాయించిన సీట్లకి బెల్టులుండాలి. మన దేశంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 ముందుకి చూసే వెనక సీట్లవాళ్లూ పెట్టుకోవాలంటుంది. 194బి సెక్షను కింద జరిమానా వెయ్యి రూపాయలు, పద్నాలుగేళ్లలోపు పిల్లలకి బెల్టు లేకపోయినా అంతే. "వెనక ఎవరూ పట్టుకోరండీ" అని డ్రైవరు అనే మాట చాలాసార్లు నిజమే. గేదెకి ఆ సంగతి తెలియదు.

అందుకే కమిటీ పెద్దలకి ఒక విన్నపం. వచ్చే సంక్రాంతి యాత్రకి అడ్వాన్సు పంపకముందే ఆర్సీ కాపీ తెప్పించండి. అందులో సీటింగ్ సంఖ్య, వెనక ఉన్న సరైన బెల్టుల సంఖ్య, మన జనం సంఖ్య, మూడూ సరిపోవాలి. ఇద్దరు ఎక్కువైతే ఇన్నోవా ఒకటి వెంట పెట్టండి, ఆ ఖర్చు అందరం పంచుకుందాం. కారులో వెళ్లేవాళ్లకి ముచ్చట పోతుందనుకుంటే, ఆగిన ప్రతిచోటా మారొచ్చు. సిలిండరు వాల్వు మూసేసి గొలుసుతో బిగించాలని, నీళ్ల క్యాను అరలో పెట్టాలని, బల్ల ఊడదీసి కట్టాలని, గుండ్రంగా తిరిగే ముందువరస సీట్లని రోడ్డు వైపు తిప్పి లాక్ చేయాలని ఒప్పందంలోనే రాయించండి. దిండ్లు ఎత్తి, బకిళ్లన్నీ పెట్టి, సీటు కింది బిగింపులు కనబడేలా తీసిన ఫొటోలు ఓనరు పంపాకే డబ్బు పంపండి.