ఫొటోలో లేనివాళ్ల సంగతి

ప్రపంచం నలుమూలల నుంచీ జనం చూడవచ్చే కొండకు, ఆ కొండ కింది ఊరివాళ్లే తెర కట్టారు. 2024 మే నెలలో జపాన్‌లోని ఫుజికవాగుచికో పట్టణంలో జరిగిన సంగతి ఇది. అక్కడ ఓ కన్వీనియన్స్ స్టోర్ వెనక ఫుజి పర్వతం నిండుగా కనిపిస్తుంది. స్టోర్ కప్పు మీద కొండ కూర్చున్నట్టు వచ్చే ఫొటో సోషల్ మీడియాలో తిరిగింది. ఇక రోజూ అదే ఫొటో కోసం జనం. వాహనాలు వస్తున్నాయో లేదో చూడకుండా రోడ్డుకు అడ్డంగా పరుగెత్తడం, ఎక్కడపడితే అక్కడ కార్లు ఆపడం, చెత్త పారేయడం, దగ్గర్లోని డెంటల్ క్లినిక్ పైకప్పు ఎక్కడం. బోర్డులు పెట్టారు, గార్డులను నిలబెట్టారు. చెప్పి చెప్పి విసిగిపోయి, చివరికి రెండున్నర మీటర్ల ఎత్తు, 20 మీటర్ల పొడవున నల్లటి వల కట్టారు. కొద్ది రోజుల్లోనే దానికీ కన్నాలు పడ్డాయి. అన్నీ ఫోన్ లెన్స్ పట్టేంత కన్నాలే. ఆగస్టులో తుపాను హెచ్చరికతో తెర తీసేశారు, మళ్లీ కట్టలేదు.

ఆ కన్నాలు పొడిచినవాళ్లు దుర్మార్గులేం కారు. ఇంటి దగ్గర ఇరుగుపొరుగుతో మర్యాదగా ఉండేవాళ్లే అయ్యుంటారు. ఇంత దూరం వచ్చాం, నా ఒక్క ఫొటోతో ఏం పోతుంది అనుకున్నారు, అంతే. రద్దీ ప్రదేశాల్లో వచ్చే చిక్కంతా ఈ 'నా ఒక్క ఫొటో' దగ్గరే మొదలవుతుంది. తీసుకునేవాళ్లకు అది ఒక్కటే. అక్కడ రోజూ ఉండేవాళ్లకు ఆ పూట అది ఎన్నో వందోదో.

ఫొటోలు మానెయ్యమని మేము అనబోవడం లేదు. డబ్బు కూడబెట్టుకుని, సెలవు దొరికించుకుని, పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటేసుకుని వెళ్లినవాళ్లకు ఓ గుర్తు కావాలి. సెల్ఫీలు దిగేవాళ్లంతా తేలిక మనుషులనీ, పెద్ద కెమెరా మెడలో వేసుకున్నవాళ్లంతా కళాకారులనీ చూసే చూపు కూడా మాకు నచ్చదు. ట్రైపాడ్ వేసుకుని మెట్లకు అడ్డంగా అరగంట కూర్చునేది చాలాసార్లు ఈ రెండో రకమే. మేము మాట్లాడుతున్నది ఫొటోలో లేనివాళ్ల తరఫున: వెనక వరుసలో నిలబడ్డవాళ్లు, పక్క నుంచి నడిచి వెళ్లాల్సినవాళ్లు, ఆ వీధిలో కాపురం ఉంటున్నవాళ్లు.

పేరున్న వ్యూపాయింట్ ఏదైనా తీసుకోండి. రెయిలింగ్ దగ్గర నలుగురు పట్టే చోటు. ఓ జంట వంతు వచ్చింది. ఆయన తీశాడు. ఆవిడ నిలబడ్డచోటే ఫోన్ అందుకుని చూసింది, కళ్లు మూసుకుపోయాయి. మళ్లీ తీశాడు, ఈసారి వెనక ఎవరిదో మోచెయ్యి వచ్చింది. మళ్లీ. తర్వాత ఆయన వంతు. తర్వాత ఇద్దరూ కలిసి సెల్ఫీ. ఆపైన వీడియో: నడిచొస్తున్నట్టు ఒకసారి, వెనక్కి తిరిగి నవ్వుతున్నట్టు ఇంకోసారి. ఇంతలో వెనక ముప్పై మంది ఎండలో నిలబడి ఉన్నారు. గొడవెందుకులే అని నోరు మూసుకున్నారు కాబట్టి వాళ్లకు అభ్యంతరం లేదనుకోవడం మన భ్రమ. ఇక్కడ కావాల్సిన మర్యాద నిజానికి చాలా చిన్నది. ఎక్కడ నిలబడాలో, ఫోన్ అడ్డంగా పట్టుకోవాలో నిలువుగా పట్టుకోవాలో వరుసలో ఉండగానే తేల్చుకోవాలి. నాలుగు క్లిక్కులు గబగబా కొట్టి పక్కకు జరగాలి. బాగా వచ్చాయో లేదో జరిగాక చూసుకోవాలి. రాకపోతే వరుస చివరికి వెళ్లి మళ్లీ నిలబడాలి. ఈ చివరిది ఎవరూ చెయ్యరని తెలుసు. అయినా న్యాయం మాత్రం అదే.

బాలి ద్వీపంలోని లెంపుయాంగ్ ఆలయ ద్వారం దగ్గర ఈ వ్యవహారాన్ని ఓ దారిలో పెట్టారు. నంబరు ఇస్తారు, పిలిచినప్పుడు వెళ్లాలి, అక్కడి ఫొటోగ్రాఫర్లే మన ఫోన్‌తో కొన్ని పోజులు తీసి పంపించేస్తారు. గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చినా తోపులాట తగ్గుతుంది. ఫొటోలో ద్వారం కింద తళతళలాడే నీళ్లు మాత్రం అక్కడ లేవు. లెన్స్ కింద అద్దం ముక్క పెట్టి పుట్టించిన ప్రతిబింబం అది. లేని చెరువు కోసం అంతసేపు కూర్చోవడం ఎవరిష్టం వాళ్లది, అనుకోండి.

నడిచే దారిలో తీసే ఫొటోలకు నంబర్లు ఇచ్చేవాళ్లెవరూ ఉండరు. తీసేవాళ్లు ఈ చివర, దిగేవాళ్లు ఆ చివర, మధ్యలో దారంతా వాళ్ల సొంతం. వచ్చేవాళ్లు కొందరు ఆగిపోతారు, కొందరు వంగి వెళ్తారు, కొందరు 'సారీ, సారీ' అంటూ పరుగు తీస్తారు. దారిన పోయేవాళ్లు సారీ చెప్పడమేమిటి? ఒక క్లిక్కు కోసం రెండు సెకన్లు ఆగడం వాళ్ల మంచితనం. ఫోన్ కిందికి దించి, 'మీరు వెళ్లండి' అని చెయ్యి ఊపాల్సింది మనం.

మ్యూజియంలో ఈ ఇబ్బంది ఇంకో రూపంలో ఉంటుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో మోనాలిసా చిత్రం ఎత్తు 77 సెంటీమీటర్లు, వెడల్పు 53. దాన్ని చూడటానికి రోజూ వేల మంది ఒక గదిలోకి వస్తారు. పైకి లేచిన ఫోన్ల అడవిలో, ముందువాళ్ల స్క్రీన్ మీద మోనాలిసాను చూసి తిరిగొచ్చేవాళ్లు ఎందరో. పొట్టివాళ్లకు, పిల్లలకు, వీల్‌చైర్‌లో వచ్చినవాళ్లకు ఆ స్క్రీన్ కూడా కనిపించదు. ఆ చిత్రానికి ప్రత్యేక గది ఏర్పాటు చేస్తామని 2025 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మెక్రాన్ ప్రకటించారు. సంతోషమే. కానీ గది మారినంత మాత్రాన ఎత్తిన చేతులు దిగిపోవు.

ఇంత కష్టపడి తీసిన ఫొటో గుర్తుండటానికైనా పనికొస్తుందా అంటే, అదీ అనుమానమే. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ కొంతమందిని మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లి, కొన్ని వస్తువులను ఫొటో తియ్యమన్నారు, కొన్నింటిని ఊరికే చూడమన్నారు. ఫొటో తీసిన వస్తువుల కంటే కంటితో చూసినవే వాళ్లకు ఎక్కువగా గుర్తున్నాయి. వస్తువులో ఏదో ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం జ్ఞాపకం అంత దెబ్బతినలేదు. అంటే ఆగి, పట్టి చూసి తీస్తే నష్టం లేదన్నమాట. వచ్చిన వస్తువునల్లా క్లిక్కుమనిపించి పక్కదానికి పోవడమే దండగ.

కొన్నిసార్లు పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. 2025 జూన్‌లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఉన్న ఉఫిజీ మ్యూజియంలో ఓ సందర్శకుడు, చిత్రంలోని రాజవంశీకుడిలా పోజు పెట్టబోయి వెనక్కి తూలాడు. 18వ శతాబ్దపు కాన్వాస్‌కు చిల్లు పడింది. 2020లో ఇటలీలోనే పొసాన్యో మ్యూజియంలో ఒకాయన ఫొటో కోసం, శిల్పి కనోవా చెక్కిన పౌలీనా బోర్గీసె విగ్రహపు ప్లాస్టర్ నమూనా మీద ఒరిగి కూర్చున్నాడు. కాలి వేళ్లు విరిగాయి. సెల్ఫీ స్టిక్కులను 2015లోనే వెర్సాయ్ ప్యాలెస్, లండన్ నేషనల్ గ్యాలరీ, వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలు వద్దన్నాయంటే ఊరికే కాదు. వెనక్కి అడుగు వేసే ముందు వెనక ఏముందో చూసుకోవడం ఇతరుల పట్ల మర్యాదే కాదు, ప్రాణానికీ మంచిది. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు వచ్చిన వార్తలను భారతీయ పరిశోధకులు జల్లెడ పడితే, ప్రపంచవ్యాప్తంగా సెల్ఫీ తీసుకుంటూ చనిపోయినవాళ్లు 259 మంది తేలారు.

వీటన్నిటికన్నా మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది మనుషులు కాపురం ఉండే చోట్ల జరిగేది. పారిస్‌లో క్రెమ్యూ అనే చిన్న వీధి ఉంది. ఇళ్లన్నీ రంగురంగులు. ఆ రంగుల కోసం ఫ్యాషన్ షూట్లు, డాన్సు వీడియోలు, పెళ్లి ఫొటోలు మొదలయ్యాయి. 2019లో అక్కడివాళ్లు సాయంత్రాలూ వారాంతాల్లోనూ వీధికి గేటు వేయండి మహాప్రభో అని నగరపాలక సంస్థను అడిగారు. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ గ్రామంలో జనాభా వెయ్యి కూడా లేదు, వేసవిలో రోజుకు వచ్చేవాళ్లు వేలల్లో. 2023లో అందరూ సెల్ఫీ దిగే చోట చెక్క కంచె కట్టి చూశారు. విమర్శలు రావడంతో తీసేశారు. జపాన్‌లోని క్యోటో నగరంలో గియోన్ అనే పాత పేటలో మరీ దారుణం. పనికి వెళ్తున్న గెయికోలనూ (అక్కడి గెయిషాలు, అంటే సంప్రదాయ ఆటపాటల కళాకారిణులు) మైకోలనూ (ఆ విద్య నేర్చుకుంటున్న అమ్మాయిలు) దారికి అడ్డం వచ్చి, కొందరైతే కిమోనో పట్టుకుని మరీ ఆపి ఫొటోలు తీశారు. 2019లో అక్కడి ప్రైవేటు సందుల్లో ఫొటోలు నిషేధించి, 10 వేల యెన్‌ల జరిమానా అని బోర్డు పెట్టారు. అదీ చాలక 2024లో కొన్ని సందులకు పర్యాటకుల రాకే ఆపేశారు.

ఇలాంటి చోట్ల ఎవరి ఇంటి గడప మీదో కూర్చుని ఫొటో దిగేవాళ్లను ఒకటి అడగాలి. రేపు పొద్దున మీ ఇంటి తలుపు తీసేసరికి, మెట్ల మీద ముక్కూమొహం తెలియని వ్యక్తి ఒకరు జుట్టు సర్దుకుంటుంటే ఏం చేస్తారు? ఎదురుగా మరొకరు ఫోన్ పట్టుకుని 'కాస్త లోపలే ఉండండి, ఫ్రేములోకి వస్తున్నారు' అంటే? బాల్కనీలో ఆరేసిన బట్టలు, కిటికీలో కనబడే ముసలావిడ, వీధిలో ఆడుకునే పిల్లలు ఎవరి 'బ్యాక్‌గ్రౌండూ' కాదు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లోని బుక్‌చోన్ పాత ఇళ్ల పేటలో కొన్ని వీధులకు సందర్శకులు ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకే రావాలని, దాటితే లక్ష వాన్‌ల జరిమానా అని 2025 మార్చి నుంచి అమలు చేస్తున్నారు. మేము సాధారణంగా నిషేధాలకు చప్పట్లు కొట్టం. ఈ నిబంధనను మాత్రం సమర్థిస్తున్నాం. ఇల్లు అన్నాక ఓ వేళకైనా వీధి తలుపు ప్రశాంతంగా తీసుకునే హక్కు ఉండాలి.

మృతుల జ్ఞాపకార్థం నిలిపిన చోట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పోలండ్‌లోని నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌లో రైలు పట్టాల మీద చేతులు చాపి బ్యాలెన్స్ చేస్తూ ఫొటోలు దిగడం ఎక్కువైపోతే, పది లక్షల మందికి పైగా హత్యకు గురైన చోటిదని గుర్తుంచుకోమని 2019లో ఆ స్మారక మ్యూజియమే చెప్పాల్సి వచ్చింది. అక్కడ ఫొటోలు పూర్తిగా నిషేధం కాదు. మృతుల వెంట్రుకలు ఉంచిన గదిలో, 11వ నంబరు భవనం నేలమాళిగలో మాత్రమే వద్దంటారు. మిగతాది మన ఇంగితానికి వదిలేశారు.

మనుషుల ఫొటోల విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. అడిగి తీయాలి. భాష రాకపోతే ఫోన్ చూపించి సైగ చేస్తే చాలు, అవునో కాదో వాళ్ల మొహమే చెప్పేస్తుంది. తల అడ్డంగా ఊపితే ఫోన్ జేబులో పెట్టాలి, దూరం వెళ్లి జూమ్ చేసి తీయకూడదు. పిల్లల ఫొటో అయితే తల్లిదండ్రులను అడగాలి. తీసేశాక వద్దన్నా వాళ్ల ఎదుటే డిలీట్ చెయ్యాలి. ఇందులో చర్చకేమీ లేదు.

ఇంకో చిన్న సంగతి. ఎవరైనా మన చేతికి ఫోన్ ఇచ్చి ఒక ఫొటో తీయమంటే విసుక్కోకుండా తీసిపెడితే వరుస తొందరగా కదులుతుంది. కాళ్లు తెగిపోకుండా, వెనకున్న గోపురం తల నరికెయ్యకుండా తీస్తే మరీ పుణ్యం.

పర్యాటకుల మీదే తప్పంతా నెట్టడం అన్యాయం. ఒక్క ఫొటోను పోస్టర్ల మీద, వెబ్‌సైట్ల మీద, విమానాశ్రయాల గోడల మీద వేసి రమ్మని పిలిచేది పర్యాటక శాఖలూ ట్రావెల్ సంస్థలే. పిలిచాక వచ్చినవాళ్లు అదే చోట నిలబడి అదే ఫొటో తీసుకుంటే ఆశ్చర్యపోవడం దేనికి? రద్దీ చెయ్యి దాటాక కంచెలు, తెరలు, మూసివేతలు. కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్‌లో 2019లో కొండలు పాపీ పూలతో నారింజ రంగు పరుచుకున్నప్పుడు, పూల మధ్య పడుకుని ఫొటోలు దిగడానికి ఊరు ఇరుక్కుపోయేంత జనం వచ్చారు. 2023లో పూలు మళ్లీ విరగబూసే సరికి ఊరి అధికారులు ముందుగానే లోయను మూసేశారు. కాలిబాట దాటకుండా, పువ్వు తొక్కకుండా చూసిపోయేవాళ్లకు కూడా ఆ ఏడాది పూలు లేవు. మర్యాద తప్పినవాళ్ల అప్పు మర్యాదస్తులు తీర్చడం ఇలాగే ఉంటుంది.

అందుకే అధికారులను మేము కోరేది కొత్త నిషేధాలు కాదు. ఒక చోటును పోస్టర్‌కెక్కించే ముందు అక్కడ ఒకేసారి ఎంతమంది పడతారో లెక్క చూడండి. వరుస ఎటు మొదలై ఎటు తేలాలో గీత గీయండి, ఫొటో చూసుకోవడానికి పక్కన నాలుగడుగుల ఖాళీ వదలండి. పక్కన ఇళ్లుంటే ఆ ఇళ్లవాళ్లను ముందు అడగండి, వాళ్లు వద్దంటే ఆ పోస్టర్ వేయకండి. ప్రచారానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, ఆ వరుసను మంచి మాటతో నడిపించే ఇద్దరు మనుషుల జీతానికి కేటాయించండి.