పాడుగోడలు గీస్తే పరువు పోతుందా?

"కోనసీమ అంటే కొబ్బరిచెట్లు, కాలవలు, పచ్చటి చేలు. పాత గోడలూ, పాడుబడ్డ లాకులూ గీసేవాళ్లు మన పరువు తీస్తున్నారు. అయినా ఒండ్రునేలలో శిథిలాలెక్కడివి? ఉన్నా ఫోన్లో ఫొటో తీస్తే చాలదా?" వారం రోజులుగా ఊరి గ్రూపులన్నిట్లో ఇదే మెసేజ్. పదేళ్లుగా స్కెచ్ పుస్తకం పట్టుకుని కాలవగట్లమ్మట తిరుగుతున్నదాన్ని, ఊరుకోలేకపోతున్నానండీ.

శిథిలాలు లేవన్నవాళ్లు ఒక్కసారి ఆదుర్రు వెళ్లండి. గోదారి వైనతేయ పాయ దగ్గర్లో, మామిడికుదురు మండలంలోనే, ఇటుకల బౌద్ధస్తూపం ఉంది. ఊళ్లోవాళ్లు దుబరాజు గుడి అంటారు. కోరంగి సంగతి సరేసరి. ఒకప్పుడు ఓడల రేవు, 1839 తుఫాను దాన్ని కుదేలు చేసింది. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి బోటెక్కేవాళ్లలో ఆ రేవు సంగతి ఎంతమందికి తెలుసు?

ఇక ఫొటో మాట. మా దగ్గర్లో ఓ పాత లాకుంది, అంటే కాలవలో నీటిమట్టం సరిచేసి పడవల్ని దాటించే తలుపుల కట్టడం. దానికి ఫొటోలు చాలాసార్లు తీశాను. తుప్పుపట్టిన తలుపులు, గుర్రపుడెక్క, అంతే కనిపించింది. మొన్న వేసవిలో గీద్దామని కూర్చుంటే రాతి అంచు దగ్గర గీత ఎంతకీ కుదరలేదు. తిన్నగా గీస్తే అబద్ధంలా ఉంది. లేచెళ్లి తడిమి చూశాను. రాతిలో నున్నటి గాళ్లు, చిటికెనవేలు పట్టేంత లోతు, ఒకదాని పక్కన ఒకటి. గేదెని కడుగుతున్న పెద్దాయన చూసి, "అయి తాళ్లు ఒరుసుకున్న గాళ్లమ్మా, మా నాన్న పడవ లాగేవోడు" అన్నాడు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవలు చేలకి నీళ్లే కాదు, పడవల మీద సరుకూ మోశాయి. పుస్తకంలో చదివిన ఆ సంగతి నాకు వేలికి తగిలింది ఆవేళే.

పరువంటారా, మనం మురిసిపోయే ఆ కొబ్బరితోటలు 1996 నవంబరు తుఫానుకి నేలకొరిగి మళ్లీ లేచినవేగా! గోదారి మధ్య లంకలో మా అత్త ఇంటి గోడమీద 1986 ఆగస్టు వరద గీత ఉంది, నా తలకన్నా జానెడు పైన. ఏటా సంక్రాంతికి సున్నం వేయిస్తూ ఆ గీత దగ్గర మాత్రం కుంచె తనే తీసుకుంటుంది, చెరిగిపోకుండా. దాన్ని గీస్తుంటే పక్కన కూర్చుని, నీళ్లు ఏ రాత్రి ఎక్కాయో, గేదెల్ని ఎవరు విప్పారో మొత్తం చెప్పింది.

ఆ లాకు రాళ్లు తీసేస్తారని వింటున్నాను. అవతలి గోడ ఇంకా గీయలేదు, ఆదివారం పొద్దున్నే వెళ్తున్నాను.