సవరణ: 16 ఏళ్లకు లైసెన్సు ఏ బండికి?

మొదటి బండి గురించి మొన్న రాసిన పోస్టులో "16 ఏళ్లు నిండితే లైసెన్సు వస్తుంది" అన్న వాక్యాన్ని ఈ వివరణతో కలిపి చదవండి. ఆ వయసులో చట్టం ఒప్పుకునేది 50 సీసీ దాటని, గేర్లు లేని బండి వరకే. హనుమకొండలో ఇంటర్‌లో చేరగానే పిల్లలకు కొనిపెట్టే పెట్రోల్ స్కూటీలు చాలావరకు 100 సీసీ పైనే. గేర్లు లేకపోయినా వాటికి 18 నిండాల్సిందే.

తల్లిదండ్రులు దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. మైనర్ బండి నడిపి దొరికితే, మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద పెద్దవాళ్లకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. అన్నిటికంటే బాధ, ఆ పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

లెర్నర్స్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టు అని ఆ పోస్టులో రాసిన మాటలో మార్పు లేదు.